పదకొండు గంటల నీళ్లు

1976. బెజవాడలో నీళ్లు పరీక్షించే ఒక ల్యాబులో నేను అసిస్టెంటుని. ఆ వానాకాలం కొల్లేటి ఒడ్డున, మోకాటిలోతు నీళ్లున్న ఒక మూల చేపలు చచ్చి తేలుతున్నాయని కబురొచ్చింది. పైనున్న రంగారావు గారి చేలల్లోంచి వచ్చే నీళ్లలోనే ఏదో ఉందని వల వేసుకునే ఏసోబు పంచాయతీలో గట్టిగా చెప్పాడు. తేల్చాల్సింది నేను.

మా పరీక్ష డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, అంటే చేపలు పీల్చుకోవడానికి నీళ్లలో ఉన్న గాలి. సీసాలో నీళ్లు పట్టి రెండు రసాయనాలు వేస్తే కాఫీరంగు మడ్డి దిగాలి. తెల్లగా దిగితే గాలి లేనట్టే. బస్సు దిగి, టిఫిను చేసి, దర్జాగా పదకొండింటికి సీసా ముంచాను. చిక్కటి కాఫీ! ‘నీరు బాగుంది’ అని రాసిచ్చాను. దాంతో ఊరంతా ఏసోబును అబద్ధాలకోరంది.

అతని భార్య మరియమ్మ బస్సు దగ్గరే నన్ను పట్టుకుంది.

“పదకొండింటికొచ్చి చూస్తే ఏం తెలుసుద్దండీ? చేపలు నోళ్లు తెరిచేది తెల్లారగట్ల. ఈ పూటకి మా ఇంట్లో ఉండండి, నేను లేపుతా.”

రోషమొచ్చి ఉండిపోయాను. తెల్లవారుతుండగా పడవలోంచి సీసా ముంచితే మడ్డి తెల్లగా దిగింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

మీ చేలల్లో ఏం చల్లారని అడిగితే రంగారావు గారు నా మీదికి లేచారు. “పురుగుమందు చుక్క కొట్టలేదండీ! యూరియా, సూపరు ఫాస్ఫేటు చల్లా. నీళ్లెక్కువైతే గట్టుకి మడవ తీసి కిందికి వదిలా. అందరం చేసేదేగా?”

సరిగ్గా ఆ నీళ్లే కొల్లేట్లో పాచిని మేపాయి. పాచి పగలు ఎండకి గాలి వదులుతుంది, చీకటి పడితే ఉన్న గాలంతా తనే పీల్చేస్తుంది. ఈ సంగతి విని ఆయన లబోదిబోమన్నారు.

“అయితే నా యూరియా తిన్నది పాచా!”

మర్నాటి నుంచి ఆయనే చుట్టుపక్కల రైతుల వెంటపడ్డారు. నీళ్లు తీసేసి బురదలో ఎరువు చల్లడం, కొన్నాళ్లపాటు మడవ కట్టేయడం మొదలైంది. మరుసటేడు తెల్లారగట్ల ఆయన, ఏసోబు, నేను ఒకే పడవెక్కి సీసా ముంచాం.

“కాఫీయేనండోయ్!” అన్నారు రంగారావు గారు.

“డికాషను పల్చనండీ,” అన్నాడు ఏసోబు నవ్వుతూ. నా ప్రాణం లేచొచ్చింది.

ఏడాది ఆలస్యంగానైనా, ఆ పూటే పంచాయతీలో నిలబడి, ఏసోబు చెప్పింది నిజమని, తప్పు నాదని చదివి వినిపించాను. అప్పటినుంచి నా రిజిస్టరులో మొదటి గడి సీసా ముంచిన వేళది. ఈ గడి ఎవరు పెట్టమన్నారని పై ఆఫీసరు అడిగారు.

“మరియమ్మ గారండీ.”

“ఆవిడ ఏ సెక్షనయ్యా?” అన్నారాయన.