డారిల్ బకెట్

మ్యాచ్‌కి ముప్పావుగంట ముందు డారిల్ ప్రోకప్ ఎడమకాలికి ప్యాడ్ కట్టుకుంటాడు, తర్వాత కుడికాలికి. ఆపైన కాళ్ల దగ్గరున్న నీలం బకెట్‌లోకి వంగి వాంతి చేసుకుంటాడు. కెనడాలోని సస్కటూన్‌లో ఐస్ హాకీ గోల్‌కీపర్‌గా పదకొండేళ్లనుంచి అతనిది ఇదే వరస. ఆ చప్పుడు వినపడితేగానీ జట్టులో ఎవరికీ ధైర్యం రాదు. కర్రలకు టేపు చుట్టుకుంటూ చెవులొగ్గి కూర్చుంటారు. ఆట రోజున గోల్‌కీపర్‌తో ఎవరూ మాట్లాడరు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, కొత్తగా చేరిన టేట్ ఆ సంగతి తెలియక అతని పక్కన కూర్చున్నాడు. "ఇంత అవస్థపడుతూ ఎందుకాడతావన్నా? ఆటంటే ప్రేమ లేదా?"

డారిల్ తలెత్తలేదు. "ప్రేమున్నవాళ్లు టికెట్ కొనుక్కుని పైన కూర్చుంటార్రా. నేను పని చెయ్యడానికొచ్చాను."

కుడి ప్యాడ్ బిగించి బకెట్‌లోకి వంగాడు. ఏమీ రాలేదు. కడుపులో హాయిగా ఉంది. రెండేళ్ల కిందట ఇలాగే ఒక్కరోజు హాయిగా ఉంటే, ఆ రోజు తొమ్మిది గోల్స్ వదిలేశాడు.

"నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయేదిరా?" కెప్టెన్ టేట్‌ని కసిరాడు.

డారిల్ ఖాళీ బకెట్ కేసి చూస్తూ ఉండిపోయాడు. భయం లేకుండా ఆ మంచు మీద ఎలా నిలబడాలో అతనికి తెలియదు. ఆ ఆలోచనకే కడుపు ఒక్కసారిగా మెలితిరిగింది. వంగాడు.

"అమ్మయ్య," అని గుండెల మీద చెయ్యేసుకుని, కెప్టెన్ మళ్లీ టేపు అందుకున్నాడు.