డబ్బాకు కుట్టిన తొడుగు

మా ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. జ్ఞానాపురంలో రైలు పట్టాలకు దగ్గరగా ఉంటాం. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత నల్ల దుమ్ము. అందుకే మిక్సీకి, టీవీకి, కుట్టు మిషనుకి, నీళ్ల ఫిల్టరుకి కూడా మా ఆవిడ కొలతలు తీసి తొడుగులు కుట్టింది. కంప్యూటరు డబ్బాకు కుట్టినది అన్నిటిలోకి గొప్పది. మందపాటి గుడ్డ, లోపల లైనింగు, అంచులకు ఎర్ర పైపింగు, మీట నొక్కడానికి ముందువైపు చిన్న రెక్క, వైర్ల కోసం వెనక ఒక కన్నం. టీవీ చూడాలంటే తొడుగు తీయక తప్పదు. డబ్బాలో చూడటానికేముంది? అందుకని అది పనిచేస్తున్నప్పుడు కూడా తొడుగు దాని ఒంటి మీదే ఉండేది. మా వీధిలో ఎవరింట్లో చూసినా అంతే.

ఆ కంప్యూటరు మీద ఆవిడ ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది. ఫైలు పెన్‌డ్రైవులో పట్టుకెళ్లి ఇస్తే, దుకాణంలోని మిషను దాని ప్రకారం జాకెట్టు మీద కుడుతుంది. ఈ ఎండాకాలం పూర్ణా మార్కెట్టు దగ్గర ఒక దుకాణాయన పెళ్లికూతురి జాకెట్టు పని ఇచ్చాడు. వీపంతా, రెండు చేతులూ తామరతీగలు. సోమవారం పొద్దుటికి అందితే ఈ పెళ్లిళ్ల కాలం డిజైన్లన్నీ ఆవిడకేనన్నాడు. అందకపోతే వేరే మనిషి ఉన్నాడన్నాడు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు బిగుసుకుపోవడం మొదలైంది. తీగ సగంలో ఉండగా బాణం గుర్తు కదలదు, కీబోర్డు పలకదు. ఆపి మళ్లీ వేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ అదే కథ. ఆవిడ ఒక్కో ఆకు గీయగానే సేవ్ చేసుకోవడం మొదలుపెట్టింది.

నేను రేవులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాను. కంప్యూటర్ల గురించి నాకెవరూ నేర్పలేదు. తూకంలో తేడా వస్తే ఎలా వెతుకుతామో అలాగే వెతికాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావి కదపకూడదు. యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాను. బిగుసుకుంది. డిస్కు పరీక్షించాను, దోషం లేదు. వైరస్ కోసం వెతికాను, అదీ లేదు.

స్టీలు ప్లాంటులో పనిచేసే మా బావమరిది వచ్చి ఇదంతా చూసి నవ్వాడు.

"అక్కా, నీ మొగుడు డాట్రు లాగ రోజుకో టెస్టు రాత్తన్నాడే. బావ, దీన్ని నాకిచ్చీ. మా ప్లాంటుకి అట్టుకెళ్లి కరిగించి కడ్డీ సేసి తెత్తాను."

"సోమారం దాకా నోర్ముయ్యిరా," అంది ఆవిడ. "కరిగిత్తే నా తామరాకులు ఎవడు తెత్తాడు?"

గురువారం నాకు సెలవు. డబ్బా విప్పి, ఉన్న రెండు ర్యామ్ కార్డుల్లో ఒకటి తీసేశాను. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. దొంగ దొరికాడని బావమరిదికి ఫోను చేసి మరీ చెప్పాను. శుక్రవారం, అదే ఒక్క కార్డుతో, మళ్లీ బిగుసుకుంది. ఒకే లెక్కకు రెండు రోజుల్లో రెండు జవాబులు ఎలా వస్తాయో అర్థం కాక కూర్చున్నాను.

"నిన్న మీరొకటే మార్సేరు. నానూ ఒకటి మార్సేను," అంది ఆవిడ.

"నువ్వేటి మార్సేవు?"

"ఎలాగూ డబ్బా ఇప్పేరు కదా అని తొడుగు ఉతికేసేను. పొద్దుగూకే దాకా డాబా మీదే ఉంది. ఈయేల పొద్దున్నే మల్లీ తొడిగేను. ఊపిరాడక సత్తందేమో సూడండి."

వెంటనే ఆపి, మళ్లీ వేసి, సెట్టింగుల తెర తెరిచాను. వేడి చూపించే అంకె మరిగే నీళ్లకు కాస్త దిగువన ఉంది. గాలి పోయే దారులన్నిటినీ ఆ చక్కటి లైనింగు మూసేసింది.

తొడుగు తీసి పక్కన పెట్టబోతే ఆవిడ ఆపింది. "ఒక్కసారికే తేలిపోద్దేటి? తీసి సూడండి, మల్లీ తొడిగి సూడండి." పని సగమే అయింది, సోమవారం దగ్గరపడుతోంది. అయినా శనివారం ఒక పూట ఆ పరీక్షకు వదిలేసింది. తీస్తే నడిచింది. తొడిగితే బిగుసుకుంది. ఫ్యానుకు పట్టిన దుమ్ము తుడవాలని చేయి దురద పెట్టినా, లెక్క తేలాకే బ్రష్షు పట్టుకున్నాను.

ఎన్ని రోజులుగానో నేను తప్పును యంత్రంలోనే వెతుకుతున్నాను. అనుమానాన్ని తన చేతిపని మీదకు ఆవిడే తెచ్చుకుంది, అదీ వీధిలో నలుగురూ మెచ్చుకున్న పని మీదకు. కాటా దగ్గర నేనింతకాలం పనిచేశాను. తనకు కలిసొచ్చిన తూకాన్ని మళ్లీ తూచమని అడిగిన మనిషిని ఒక్కణ్నీ చూడలేదు. ఇప్పుడు పని అయిపోయి, డబ్బా చల్లారాకే తొడుగు వేస్తుంది.

ఆదివారం ఎండ తగ్గేసరికి రెండో చేతి తీగ కూడా పూర్తయింది. సోమవారం నేనూ వెంట వెళ్లాను. దుకాణంలో మిషను సూది మొదటి తామరాకు చుట్టూ తిరిగి, దారం తెగకుండా రెండో ఆకులోకి దిగింది. దుకాణాయన గుడ్డ అంచు ఎత్తి, వెనకవైపు దారాలు చూసి, అలమరలోంచి ఒక ఆకుపచ్చ పట్టు ముక్క తీశాడు.

"ఇది ఆ తరవాత పెళ్లిదమ్మా. దీనికి ఏటి గీత్తారు?"

"ఉండండి," అంది ఆవిడ, సూది మీంచి చూపు తిప్పకుండా. "ముందు ఇది అవనీండి."