అతివేగం కాదు, రెండో గేరు

మా మామ అతివేగంగా లారీ నడిపి తన చావు తానే తెచ్చుకున్నాడని కాగితం మీద రాసేశారు. రాసినాయన విచారణకు వచ్చిన ఆఫీసరు. రాయించినాయన లారీ ఓనరు. వాళ్లిద్దరి చేతికి సాక్ష్యం అందించినవాణ్ణి నేను. మన లారీ కార్మికుల సంఘం పత్రికలో ముందు ఈ మూడు మాటలు చెప్పేస్తే మిగతాది చెప్పడానికి నాకు కాస్త ఊపిరి మిగులుతుంది.

పద్నాలుగు రోజుల కింద, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, భాకరాపేట ఘాటులో మామ పోయాడు. మదనపల్లెలో టమాటా గంపలు ఎత్తుకొని తిరుపతి మీదుగా మద్రాసు పోవలసిన లారీ. రేణిగుంట రోడ్డులో నేను పనిచేసే మెకానిక్కు షెడ్డుకు కబురు వచ్చేసరికి ఐదయింది. ఆయన నాకు రక్తసంబంధం కాదు. లారీలతో బతికేవాళ్లందరికీ ఆయన మామే. వయసులో మద్రాసు పక్కన కార్ల రేసుల్లో నడిపాడు కాబట్టి రేసు మామ.

కబురు విన్న గంటలో నేను వాల్‌పోస్టరు రాసిచ్చాను. మన ఊళ్లలో మనిషి పోతే గోడకు ఫోటో ఎక్కించకుండా ఊరుకోము కదా. ఐదో తరగతితో బడి మానేసి, మిగతా చదువంతా పొట్లం కాగితాల మీద చదువుకున్నవాణ్ణి. రాయమంటే నాకు ఒళ్లు తెలియదు. "గాలితో పందెం కట్టిన మొనగాడు. మూడు గంటల్లో మద్రాసు చేర్చిన రేసు సింహం. వేగమే ప్రాణంగా బతికిన మా మామకు కన్నీటి జోహార్లు." నేను రాసింది ఇదీ. ప్రెస్సాయన కూడా "బలే రాసినావబ్బా" అన్నాడు. మరునాటికి బస్టాండు నుంచి తిరుచానూరు రోడ్డు దాకా గోడల మీద నల్లంచు కాగితాలే.

అందులో ఒక్క ముక్క నిజం కాదు. ఆ సంగతి నాకు చెప్పింది మామ భార్య. పదకొండో రోజు వాళ్లింటికి పోయినప్పుడు ఆ పోస్టరు తలుపు పక్కన అంటించి ఉంది. ఆమెకు చదువు రాదు.

"నువ్వే రాసినావంట గదప్పా. ఏం రాసినావో సదివి సూపీ" అంది.

చదివాను. ఆమె మొత్తం విని, "మూడు గంటల్లో మద్రాసు పోయిందెవురు?" అంది.

"మామే, అత్తా."

"ఏం మామప్పా! నన్ను సైకిలెక్కించుకోని పోతే, పల్లం వస్తే సాలు దిగి తోసుకుంటా వస్తాండె ఆ మనిషి. జనాలంతా నవ్వుతాండ్రి. నేనూ తిడతాంటి, రేసుల్లో తోలినోడివా నువ్వని. నువ్వు యాడ సూసినావు ఆయన స్పీడు?"

నేను ఎక్కడా చూడలేదు. ఆమె విస్తరాకు ముక్కలో రెండు వడలు పెట్టి తినమంది.

మామ స్పీడును మాలో చూసినవాడు ఒక్కడూ లేడు. అందరం విన్నవాళ్లమే. అది కూడా ఆయన నోట కాదు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు నేను షెడ్డులో చేరాను. మొదటి వారంలోనే ఆయన్ని పట్టుకొని రేసు కథ చెప్పమన్నాను. మద్రాసులో ఒక మిల్లు ఆసామి దగ్గర కార్లు రిపేరు చేస్తుండేవాడట. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో, యుద్ధం నాడు విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే మీద పెద్దపెద్దవాళ్లు కార్లతో పందేలు ఆడేవాళ్లు. ఒకసారి ఆసామికి జ్వరం వచ్చి, నువ్వు తోలమని మామను కూర్చోబెట్టాడు. ఆ పందెం మామ గెలిచాడు.

"ఎట్ల గెలిచినావు మామా?"

"నేను యాడ గెలిచినానప్పా? గడ్డి గెలిచింది."

రన్‌వే చివర మలుపులో డ్రమ్ములు పెట్టి, వాటి ముందు గడ్డిమోపులు పేర్చేవాళ్లట. అందరూ ఆఖరి దాకా బ్రేకు కొట్టకుండా పోయి గడ్డిలో దూరేవాళ్లు. మామ ఒక్కడే అంత దూరం నుంచే నెమ్మదించేవాడు. "వాళ్లు చెవుల్లో గడ్డి పీక్కుంటా ఉంటారు, నేను పక్కనుంచి మెల్లంగా పోతాంటి. అంతే కత. కప్పిచ్చి, ఫోటో తీసి, మొనగాడన్నారు." చెప్పి తనే నవ్వేవాడు. మేమూ నవ్వాం. నవ్వి, బయట టీ బంకు దగ్గర ఆ కథలో గడ్డి తీసేసి, గాలి పెట్టి చెప్పుకున్నాం. మనకు మెల్లగా పోయే మొనగాడు పనికిరాడు.

లారీ కదిలించే ముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. పెడలు సంగతి పాదానికి తెలియాలి, తోలుకు తెలిసి ఏం లాభం అనేవాడు. ఘాటు దిగాక చెట్టు కింద ఆపి, ఆరు చక్రాల దగ్గరా వంగి, బ్రేకు డ్రమ్ము వేడి చేత్తో చూసేవాడు, తల్లి బిడ్డ నుదురు చూసినట్టు. కొత్త డ్రైవర్లు ఎవరు దొరికినా ఒకే పాఠం: "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల. మలుపును అడగాల. అది సరేనంటేనే పోవాల."

ఒకసారి చంద్రగిరి దగ్గర శెనక్కాయ బస్తాల ఎద్దులబండి ముందు పోతోంది. మామ హారను కొట్టలేదు. వెనకాలే పాకుతూ పోయాడు. నేను పక్కన కూర్చొని ఉన్నాను. దాటిపోతున్న ఇంకో లారీ డ్రైవరు తల బయటపెట్టి, "రేసు మామా, ఎద్దులు గెలస్తాయి సూడు ఈ తూరి!" అని ఎగతాళి చేశాడు.

నాకే రోషం వచ్చింది. "దాటెయ్ మామా" అన్నాను.

"ఎద్దులకు బ్రేకు లేదబ్బా. నాకుండాది. ఉన్నోడు ఆగాల."

రేసులు ఎందుకు మానేశాడో మాత్రం చాలా ఏళ్లు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నేను లారీ కింద పడుకొని గ్రీజు కొడుతుంటే, నా ముఖం తనకు కనబడదని ధైర్యమేమో, పైనుంచి చెప్పాడు. ఆసామి కొత్త కారు తెచ్చాడట. పందెం నాటి ఉదయం చూస్తే బ్రేకు పైపు దగ్గర ఆయిలు చెమ్మగిల్లుతోంది. మామ ఎక్కనన్నాడు. ఆసామి బతిమాలలేదు. మామతో ఒకే కంచంలో తిన్న ఇంకో మెకానిక్కును ఎక్కించాడు. ఆ మనిషి తిరిగి రాలేదు.

"నువ్వు వద్దనింది కరెక్టే గదా మామా" అన్నాను.

"బండిని వద్దంటినప్పా. ఎక్కే మనిషిని వద్దనలేదే."

ఆ వారమే మూట సర్దుకొని చిత్తూరు వచ్చేశాడు. ఆ తర్వాత లారీలే.

ఆయన క్యాబిన్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఒక అమెరికా రేసు డ్రైవరు బొమ్మ ఉండేది, ఆసామి ఇంట్లో పారేసిన ఇంగ్లీషు పత్రికలోంచి కత్తిరించింది. ముఖమంతా మసి, కళ్లద్దాలు తీసిన చోట మాత్రం తెల్లటి రెండు గుండ్రాలు. ఏండ్లుగా దానికీ సాంబ్రాణి పొగ తగిలేది. నేను డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషు కూడబలుక్కుంటున్నానని తెలిసి, ఒకరోజు దాన్ని ఊడదీసి ఇచ్చాడు. కింద సన్న అక్షరాలు. ఆ బొమ్మలో మనిషి సచ్చినాడని ఆసామి చెప్పాడట, ఎట్ల అని చెప్పలేదట.

"స్పీడు పోయి సచ్చినాడని రాసినారా?"

నాకు రెండు రోజులు పట్టింది. "లేదు మామా. ముందర పోయేవాళ్లు ఒకరినొకరు గుద్దుకోని అడ్డం పడినారంట. ఈయనకు పోయేదానికి దోవ లేదంట. ఈయన తప్పు లేదని రాసినారు."

మామ ఆ బొమ్మను తీసుకొని మళ్లీ పటం పక్కనే అతికించాడు. "తప్పు లేదని రాసినాడు సూడు, ఆ రాసినోడు పుణ్యాత్ముడు" అన్నాడు.

ఇక ఆ రోజు సంగతి. ఉదయం ఖాళీ లారీ షెడ్డుకు వచ్చింది. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని మామ అంటే, వెనక ఎడమ చక్రం విప్పింది నేనే. డ్రమ్మును ఒత్తి పట్టే లైనింగు అరిగిపోయి, దాన్ని బిగించిన రివిట్లు బయటపడి డ్రమ్మును గీరుతున్నాయి. మామ గోటితో గీకి ఓనరుకు చూపించాడు.

"సామీ, ఇది మార్చాల. ఒక పూట పని."

"వచ్చినాక మారుస్తాంలే మామా. ఆడ టమాటా కోసి గంపలకెత్తేసినారు. పూట పోతే రసమవుతాది."

"లైనింగు పడేదాకా నేను కదలను."

"సరే. నువ్వు పోకుంటే నిన్న చేరినోడు పోతాడు. రేయ్, రారా ఇట్ల!"

నిన్న చేరినవాడికి లైసెన్సు వచ్చి మూడు నెలలు. అతను అప్పుడే పంచె ఎగ్గట్టుకొని లేచాడు. మామ అతని వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. లారీ కింద ఆ మధ్యాహ్నం విన్న మాట నాకు గుర్తుందని ఆయనకు తెలుసు.

"సక్రం ఏసేయబ్బా" అన్నాడు. చెప్పులు విప్పి ఎక్కాడు.

ఆ నట్లు బిగించిన చేతులు ఇవే. అప్పుడు నేను స్పానరు పారేసి ఉండవచ్చు. పారేయలేదు. అదెందుకని పద్నాలుగు రోజులుగా అడుక్కుంటున్నాను. అలవాటు తప్ప వేరే జవాబు దొరకలేదు.

ఆ రోజు లారీలో మామ పక్కన ఉన్న క్లీనరు కాలు విరిగి తిరుపతి పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నలభై ఐదేళ్ల మనిషి, మామతో పదేళ్లు తిరిగాడు. నేను పోతే, ఇంతవరకు తనను ఎవరూ ఏమీ అడగలేదన్నాడు.

"పైనుంచే రెండో గేరులో దిగుతాండాం అబ్బా. మొదుటి మలుపు కాడ పెడలు బుస్సుమని లోపలికి పోయింది. మామ అరవలా, ఏం లా. హ్యాండుబ్రేకు లాగినాడు, అదీ పట్టలా. ఇంజను ఏడస్తాండాది. ఇంకో మలుపు అట్లనే తిప్పినాడు. 'నువ్వు దూకప్పా, ఇప్పుడైతే కాలే పోతాది' అన్నాడు. దూకితి."

"తర్వాత?"

"రోడ్డు మీద పడి కిందికి సూస్తాండా. కింది మలుపులో బస్సు ఎక్కతాండాది, నిండా జనాలు. ఒక పక్క లోయ, ఒక పక్క బండ. మామ బండ పక్కకు తిప్పేసినాడు. బస్సులో ఒక్కరికీ గీత పళ్లేదబ్బా. వాళ్లు దిగి టమాటాల మీద నడుసుకుంటా వచ్చినారు."

ప్రమాదం జరిగిన మరునాడు గొలుసులు కట్టి లారీని లాగడానికి పోయినవాళ్లలో నేనున్నాను. క్యాబిన్ అణిగిపోయింది. గేరు కడ్డీ రెండులో ఇరుక్కొని ఉంది. చేత్తో పట్టుకొని కదిపి చూశాను, రాలేదు. లారీల మధ్య పుట్టి పెరిగినవాళ్లు మీరు, మీరే చెప్పండి: లోడు మీద రెండో గేరులో ఘాటు దిగేవాడు వేగం కోసం దిగుతాడా?

అయినా విచారణలో గేరు రాలేదు, లైనింగు రాలేదు, క్లీనరు రాలేదు. నా పోస్టరు వచ్చింది. ఓనరు దాన్ని గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసి, మడిచి, ఆఫీసరు బల్ల మీద పెట్టాడు. "నా మాట వదిలేయండి సార్, వాళ్ల మనుషులే రాసుకున్నారు" అన్నాడట. మన సంఘానికి వచ్చిన నకలులో ఇలా ఉంది: "మృతుడు అతివేగమునకు అలవాటుపడినవాడని అతని తోటివారే బహిరంగముగా ప్రకటించియున్నారు." ఆ తోటివారు నేను. ఆయన్ని ముప్పై ఏళ్లు చూసిన రోడ్డు ఏమీ ప్రకటించలేదు, ఎందుకంటే దానికి రాయడం రాదు.

కాబట్టి రెండోసారి రాస్తున్నాను. మా మామ మెల్లగా నడిపేవాడు. బాగా నడిపేవాడు కాబట్టి మెల్లగా నడిపేవాడు. ఇంతకన్నా నాకు పెద్ద మాట రాదు, రానక్కర్లేదు.

ఓనరు గారూ, ఇది మీకు. మామ లైనింగు మార్చమని అడిగాడని, మీరు వద్దన్నారని ఆ ఆఫీసరుకే మీ చేత్తో రాసివ్వాలి. క్లీనరు మాట, నా మాట రాసుకోమని మీరే అడగాలి. చక్రం బిగించింది వీడేనని నా పేరు కూడా రాయండి, సంతకం పెడతాను. 'అతివేగం' అన్న మాట ఆ కాగితంలోంచి కొట్టేయించాలి.

అమావాస్య పూజకు ముందు కడిగి గ్రీజు కొట్టమని మీ మిగతా మూడు లారీలు నిన్న మా షెడ్డుకు పంపారు. అన్నిటి డ్రమ్ములూ విప్పాం. రెండింటిలో రివిట్లు తగులుతున్నాయి. మా మేస్త్రీ వంగి చూసి, చక్రాలు మళ్లీ ఎక్కించమనకుండా టీ తాగడానికి పోయాడు. అమావాస్యకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ రోజు పొద్దుగూకేలోపల మీ జవాబు ఈ పత్రిక ఆఫీసుకు రావాలి. వచ్చేదాకా మీ లారీలకు మాలో ఎవరూ చక్రం బిగించరు. మూడూ కట్టెమొద్దుల మీద నిలబడి ఉన్నాయి. పద్దెనిమిది చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి నట్లన్నీ ఒక బకెట్లో, కిరసనాయిల్లో నానుతున్నాయి.