లిఫ్టు బిల్డింగు వెనక మెట్లు

రాష్ట్రం విడిపోయిన తర్వాత రెండో వేసవిలో నన్ను ప్రొద్దుటూరుకు టౌన్ ప్లానింగ్ అధికారిగా వేశారు. చేరిన వారానికే లిఫ్టు బిల్డింగు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఊళ్లో మొదటి అయిదంతస్తుల మేడ అదే. ఒకప్పుడు పత్తి వ్యాపారుల ఆఫీసులన్నీ అందులోనే ఉండేవి. జమ్మలమడుగు నుంచి సినిమాకని వచ్చినవాళ్లు ముందు ఆ లిఫ్టు ఎక్కి దిగి, తర్వాత సినిమాకు పోయేవారట. ఆఫీసులు ఖాళీ అయ్యాక పులివెందుల శివారెడ్డి దాన్ని కొని, అపార్ట్‌మెంట్లుగా మారుస్తానని దరఖాస్తు పెట్టాడు.

ఆఫీసును ఇళ్లుగా మార్చడమంటే నాలుగు గోడలు లేపడం కాదు. ఆఫీసుకు అంతస్తుకొక మరుగుదొడ్డి చాలు. ఇళ్లయితే ప్రతి ఇంటికీ వంటిల్లు, స్నానాలగది కావాలి, వాటి పైపులన్నీ పై నుంచి కింది దాకా ఒకే వరుసలో దిగాలి. ఇవన్నీ శివారెడ్డి బుద్ధిగా చేశాడు. పేచీ అంతా వెనక మెట్ల దగ్గర వచ్చింది. మంటలు లేస్తే జనం దిగడానికి రెండో దారి ఉండాలన్నది నిబంధన. ఆ మెట్లేమో ఈశాన్యంలో ఉన్నాయి. ఈశాన్యంలో బరువుంటే వంశానికే చేటని సిద్ధాంతి చెప్పాడు. అంతే, ఇళ్లు కొన్నవాళ్లంతా ఆ మెట్లు తీసేసి పూజగదులు కట్టమని పట్టుబట్టారు.

నేను కుదరదన్నాను. శివారెడ్డి నవ్వి, "సార్, మెట్లు ఉండాయని రాసి మీరు సంతకం పెట్టండి. ఆ పైన అవి యాడికి పోతాయో నేను సూసుకుంటా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాపురానికి తగినదని ఒకసారి పత్రం ఇచ్చాక ఎవరూ వచ్చి మెట్లున్నాయో లేదో చూడరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే కొన్నవాళ్లందరినీ ఆ మేడలోనే ఒకచోట కూర్చోబెట్టమన్నాను.

మంటల గురించి చెబుతుంటే ఆవులించారు. "మా ఇండ్లల్లో అగ్గి యాడ పుడతాది సార్?" అన్నాడొకాయన. సరేనని ఫైలు మూసి, మెల్లగా అడిగాను. "లిఫ్టులో నలుగురు నిలబడే చోటే ఉంది. ముందు మెట్లు ప్రతి ఇంటి గడప ముందు నుంచీ పోతాయి. రేపు పై అంతస్తులో ఎవరైనా పోతే, పాడె ఎట్లా దింపుతారు?"

రెండో అంతస్తువాళ్లు అయిదో అంతస్తువాళ్ల వైపు అనుమానంగా చూశారు. అయిదో అంతస్తులో ఇల్లు కొన్న నరసమ్మవ్వ దిగ్గున లేచింది.

"నన్నేంది అట్ల సూస్తాండారు? నేనింగా గట్టిగానే ఉండా! అయినా శివారెడ్డీ, ఆ ఎనక మెట్లు పీకినావంటే నాకు నీ ఇల్లే వద్దు పో!"

మిగతావాళ్లూ ఆమెతో గొంతు కలిపారు. సిద్ధాంతి అక్కడికక్కడే ఉపాయం కనిపెట్టాడు. మెట్లకు పసుపు రంగు వేస్తే దోషం పోతుందట. శివారెడ్డి మరునాడే రంగు వేయించాడు.

మరుసటి ఏడు మూడో అంతస్తులో ఒక వంటింట్లో గ్యాసు అంటుకుని, ముందు మెట్లను పొగ కమ్మేసింది. పై అంతస్తులవాళ్లంతా వెనక మెట్ల మీదుగానే దిగి బయటపడ్డారు. నేను పోయేసరికి నరసమ్మవ్వ వీధిలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "ఏం సార్, నన్ను పాడె మీద దింపాలని సూస్తివే! సూడు, కాళ్లతోనే దిగినా" అంది.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, నిబంధన చదివి వినిపించే ముందు అక్కడివాళ్లు దేనికి భయపడతారో కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను. నిప్పుకు భయపడనివాళ్లు నాకు చాలామంది తగిలారు. పక్కింటి శవానికి భయపడనివాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు.