సాలు చివర గట్టు

చేలో నీళ్లు నిలిచిపోతున్నాయని మూడేళ్లలో మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది ఇచ్చిన రోజు వ్యవసాయ ఆఫీసులో సారు అందరి ముందూ అన్న మాట మాత్రం మరిచిపోలేదు: "నీళ్లు లేవని మీరే వస్తరు, ఎక్కువైనయని మీరే వస్తరు."

కోడేరు దగ్గర మా చేను కాలువ కింది నల్లరేగడి. వానకు మొక్కజొన్న వేళ్లు కుళ్లుతాయి. నిరుడు మట్టి ఎగదోసి బోదెలు కట్టి, వాటి మీద విత్తినా పంట పోయింది. ఆఫీసువాళ్లు చేనుకు రాకుండానే 'ఇక్కడ బోదెలు పనికిరావు' అని రాసుకున్నారు. ఈ ఏడూ మొండిగా బోదెల మీదే విత్తాను. ఆకులు పసుపెక్కుతున్నాయి. గద్వాల పత్తి చేలలో పనికొచ్చే బోదెలు మాకెందుకు పనికిరావో చూడాలని బయలుదేరాను.

పొద్దున ఆరుంబావుకు బస్సెక్కాను, చేతిలో వేళ్లతో సహా పీకిన మొక్కజొన్న మొక్కతో. ఎనిమిదింటికి వనపర్తిలో దిగి, ఇడ్లీ తిని, గద్వాల బస్సు పట్టుకున్నాను. అది దొరక్కపోతే పెబ్బేరు పోయి మారవచ్చు. నాకు సీటు దొరికింది పెబ్బేరులోనే. పక్కన ఈశ్వరమ్మ. విత్తన పత్తి చేలలో పని చేస్తుంది, ఇంటికొచ్చి తిరిగి పోతోంది.

"దానికి గూడ టికెట్ తీసినవా అన్నా?" అంది. చుట్టూ నవ్వారు. నేను నవ్వకుండా సంగతంతా చెప్పాను. బీచుపల్లి వంతెన దాటాక ఆమె ఆ వేళ్లు వాసన చూసి, తనతో రమ్మంది.

గద్వాల చేరేసరికి పదిన్నర. అక్కణ్ణుంచి ఆటో. జానెడున్నర ఎత్తు బోదెల మీద పత్తి, మధ్య సాళ్లలో నడుస్తూ పూలకు పుప్పొడి అద్దే ఆడవాళ్లు. ముందు రోజు పెద్ద వాన పడిందట. చెప్పులకు బురద అంటింది గానీ సాళ్లలో నీళ్లు లేవు.

నా సాళ్ల చివర ఏముందని ఈశ్వరమ్మ అడిగింది. గట్టు వేసి మూశానన్నాను. చుక్క నీరు చేను దాటనివ్వడం మా ఇంట్లో లేదు. గట్టుకు గండి పడితే మా నాయన తింటున్న అన్నం వదిలేసి పోయేవాడు.

"గట్లైతే నీళ్లను నువ్వే కట్టేసినవు," అంది. "బోదె మొక్కకు, సాలు నీళ్లకు. పోనీకి తొవ్వ లేకుంటే బోదె ఏం జేస్తదన్నా?"

తప్పు నాదే. కానీ సగమే.

రెండున్నర బస్సులో తిరిగొస్తుంటే మిగతా సగం తట్టింది. గట్టు తెంపితే నీళ్లు పోవాల్సింది మా చేను ముందు రోడ్డు పక్క మోరీ కాలువలోకి. రోడ్డు వేసినప్పుడు దాన్ని మట్టితో పూడ్చింది నేను కాదు. వనపర్తిలో కాగితం కొని, బస్టాండులోనే నాలుగో అర్జీ ఇలా రాశాను: సారూ, రేపు పొద్దున నా గట్టు నేను తెంపుతాను. ఆ మోరీ ఎవరు తెరుస్తారు? ఆఫీసులో కాదు, మళ్లీ వాన పడకముందే మా చేనుకు వచ్చి, ఆ సాళ్ల మధ్య నిలబడి చెప్పండి.