కోయిల లేని దేశంలో కూత

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మంట. డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేయడం నా పని. చప్పుడు వచ్చిందంటే దానికో కారణం ఉండాలి, దొరక్కపోతే వెతకాలి. పార్టీల్లో ఎవరైనా అద్దె ఇంట్లో గజ్జెల కథ మొదలుపెడితే, ప్లేటు పట్టుకుని వేరే గదిలోకి పోయే రకాన్ని. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

మా అమ్మాయి సహస్రకి పదహారేళ్లు. పుట్టిందీ పెరిగిందీ ఆ పక్కనే ఉన్న నోవై ఊళ్లోనే. దానికి పక్షుల పిచ్చి. తోటి పిల్లలు ఫోన్ వదలరు, ఇది బైనాక్యులర్స్ వదలదు. దానికి ఆస్తమా కూడా ఉంది. ఇన్‌హేలర్ మాత్రం నా బ్యాగ్‌లోనే ఉంటుంది. దాని చేతికిస్తే ఎక్కడో పారేసుకుంటుందని మా ఆవిడ పెట్టిన రూలు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఒకసారి అది మాల్‌లో తప్పిపోయి మమ్మల్ని చంపేసినంత పని చేసింది. ఆ తర్వాత ఒక గుర్తు పెట్టుకున్నాం. సెలవల్లో రాజమండ్రిలో మా అక్క ఇంటికెళ్తే, పెరట్లో కోయిల కూసినప్పుడల్లా మేమిద్దరం "కూ" అని వెక్కిరించేవాళ్లం. కోయిల ఊరుకుంటుందా? పంతం పట్టి ఇంకా గొంతు పెంచేది. "అమెరికాలో కోయిలలు లేవమ్మలూ. తప్పిపోతే ఏడవకు, కోయిలలా కూయి. అది నువ్వేనని నాకు తెలిసిపోతుంది" అని చెప్పాను. అప్పట్నుంచీ గుడిలో జనంలోనైనా, గ్రోసరీ స్టోర్‌లోనైనా మాకదే పిలుపు. పరువు తీస్తున్నారని మా ఆవిడ తిట్టేది.

పోయినేడు ఆకులు రాలే కాలంలో, మిషిగన్ ఉత్తరాన ఉన్న ఒక బాగ్ పార్క్‌కి మేమిద్దరమే వెళ్లాం. బాగ్ అంటే పైన నాచు, కింద నల్లటి నీళ్లు. చెక్కల బాట మీదే నడవాలి. పక్కన కాలు పెడితే నేలంతా జున్నులా ఊగుతుంది.

మధ్యాహ్నం దాటాక ఏదో పక్షి కూత విని సహస్ర ఆగలేకపోయింది. "నాన్నా, నువ్వు స్లోగా రా. ఐ విల్ వెయిట్, ఆ టర్న్ దగ్గర" అని ముందుకు పోయింది. నేను వంగి షూ లేసు కట్టుకుని, నాలుగు ఫోటోలు తీసుకునేసరికి పొగమంచు కమ్మేసింది. టర్న్ దగ్గర అది లేదు. బాట అక్కడ రెండుగా చీలింది.

పిలిచాను. పలకలేదు. ఒక బాట చివరిదాకా పరిగెత్తి వచ్చి, రెండోదాంట్లో పరిగెత్తాను. దాని ఉన్ని టోపీ బాట పక్కన నాచు మీద పడి ఉంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఈ చలికి దానికి ఆస్తమా వస్తుంది, ఇన్‌హేలర్ నా దగ్గరుంది. బుర్రలో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. "సహస్రా! అమ్మలూ!" అని గొంతు చిరిగేలా అరిచాను. ఏడుపొచ్చేసింది. మా ఇంట్లో దేవుడి గది మొహం చూడని నేను, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కేశాను. పిల్లని చూపించు స్వామీ, ఇంకేమీ అడగను.

అప్పుడు ఎడమవైపు చెట్లలోంచి వినిపించింది. కుహూ.

ప్రాణం లేచొచ్చింది. నేనూ "కూ" అన్నాను. అది గొంతు పెంచి పలికింది. మళ్లీ అన్నాను. ఇంకా పెంచింది, అచ్చం మా అక్క ఇంటి కోయిల పంతం పట్టినట్టు. బాట దిగవద్దన్న బోర్డు పక్కనుంచే దిగిపోయాను. మోకాళ్లదాకా దిగబడుతూ, దొరికిన కొమ్మనల్లా పట్టుకుని లాక్కుంటూ ఆ కూత వెంట పడ్డాను. నేను దిక్కు తప్పినప్పుడల్లా అది మళ్లీ కూసింది.

సహస్ర ఒక చెట్టు మొదట్లో, నడుందాకా తడిసి, ముందుకు వంగి కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి కోసం కొట్టుకుంటోంది. ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కాను. మళ్లీ నొక్కాను. చాలాసేపటికి ఊపిరి కుదురుకుంది. బాట మీంచి జారి పడి, పైకి రాబోయి పొగమంచులో దారి తెలీక అటు వెళ్లిపోయిందట. నేను దాన్ని పట్టుకుని భోరుమన్నాను.

"కూస్తూనే ఉన్నావు చూడు, నా బంగారం" అన్నాను.

అది నా మొహంలోకి వింతగా చూసింది. "నేను కూయలేదు నాన్నా. ఐ కుడ్‌న్ట్ బ్రీత్. దూరంగా నీది వినిపించింది. ఇంకోటి నా వెనకాల... అది కూడా నువ్వే అనుకున్నా."

వెనక్కి చూశాను. నల్లటి నీళ్ల మడుగు. మనిషి నిలబడే చోటే లేదు.

తర్వాత అన్నీ ఆలోచించాను. ఎవరైనా ఫోన్‌లో కోయిల కూత పెట్టారేమో అనుకుందామంటే, పార్కింగ్‌లో మా కారు ఒక్కటే ఉంది. సహస్ర ఫోన్‌లో పక్షుల కూతలు రికార్డ్ చేసే యాప్ ఆ పొద్దంతా ఆన్‌లోనే ఉంది. ఇంటికొచ్చి విన్నాం. దాని ఎగశ్వాస ఉంది, దూరంగా నా "కూ" ఉంది. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ నా "కూ". నేను బదులిచ్చిన ఆ కూత ఒక్కటీ అందులో లేదు.

ఆ రోజు దాన్ని వీపున వేసుకుని కారు దాకా ఎలా వచ్చానో నాకే తెలీదు. హీటర్ వేసి, దుప్పటి కప్పి, కారు తీయబోతుంటే బాగ్‌లోంచి మళ్లీ వినిపించింది. కుహూ.

సహస్ర కిటికీ దించింది. ఇప్పుడు ఊపిరి ఉంది కదా, చిన్నప్పటి అలవాటు, బదులివ్వబోయింది. నేను గబుక్కున దాని నోరు మూసేశాను.

దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. మరి అంతసేపు ఊపిరాడక అల్లాడిన పిల్ల నోరు, దాన్ని నాకు చూపించిన కూతకి పలకనివ్వకుండా ఎందుకు మూశానంటే చెప్పలేను. మేం రోడ్డెక్కేదాకా ఆ కూత పిలుస్తూనే ఉంది.