తలతో సహా డెలివరీ

కొత్తగూడ చుట్టూ బండరాళ్లు పగులుతుంటే ఆ దుమ్ములోంచి అద్దాల మేడలు లేస్తున్న కాలం అది. కంప్యూటర్ తెలిసినవాడే మనిషి అనుకునే రోజులు. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నేను (బడి కూడా నాకు తిరిగి దండం పెట్టిందిలెండి) మా మేనమామ షెడ్డులో కత్తులు రుద్దుతుండేవాణ్ణి. పాతకాలపు విదేశీ యోధుల కత్తులకు, డాళ్లకు నకళ్లు చేసేవాడు మామ. గోడకు తగిలించుకునేవాళ్లు, వేషాలు కట్టేవాళ్లు కొనుక్కుపోయేవారు. ఆ కత్తులతో టమాట కూడా తెగదు, కానీ చూస్తే మాత్రం ఎదుటివాడు పరుగెత్తాల్సిందే.

ఒకసారి అద్దాల మేడలో పనిచేసే కడప సారు, కంపెనీ వార్షికోత్సవంలో వేషాల పోటీ కోసం కత్తితో పాటు ఇనుప శిరస్త్రాణం చేయమన్నాడు. ముఖమంతా మూసేసి, కళ్ల దగ్గర సన్నటి సందు ఉండే రకం. మామ దానికి నెలరోజులు సుత్తి దెబ్బలు వేసి, ఒక్క దెబ్బ జాడ కూడా పైకి కనపడనివ్వలేదు. లోపల ఎర్రటి మఖ్మల్. అంత అందమైన వస్తువును నేను మళ్లీ చూడలేదు. అందుకే డెలివరీ రోజు మామ చాయ్‌కి పోగానే నెత్తిన పెట్టుకున్నాను. దిగడం నున్నగా దిగింది. పైకి లాగితే చెవులు రెండూ అడ్డం.

"ఏందిరా గిది?" తిరిగొచ్చిన మామ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"వస్తలేదు మామా. జర నూనె పొయ్యి."

"నూనె పోస్తే మఖ్మల్ ఖరాబైతది. కోస్తే నెల పని పాయె. సాయంత్రానికి గిది ఆడ ఉండాలె." మామ నా చుట్టూ తిరిగాడు. నా మీద బెంగ కాదు, ఎక్కడైనా సొట్ట పడిందేమోనని. "నడువ్. గిట్లనే అప్పజెప్దాం."

కత్తి ఒళ్లో పెట్టుకుని స్కూటర్ వెనక కూర్చున్నాను. (దారిలో గొర్రెల మంద మాకు మర్యాదగా తప్పుకుంది.) గేటు దగ్గర వాచ్‌మెన్ ఆపలేదు సరికదా, సెల్యూట్ కొట్టాడు.

కడప సారు నా తలను అటూ ఇటూ తిప్పి, లాగి, నీరసపడ్డాడు. "ఏమప్పా, నేను ఒట్టి టోపీ గదా అడిగింది? తలకాయ గూడా ఇచ్చినారే!"

"తలకాయ ఫ్రీ సార్," అన్నాడు మామ.

అంతలో వేదిక మీంచి సారు పేరు పిలిచారు. ఆయన వేషం కోసం వేసుకున్న పొడవాటి నల్లటి అంగీ తీసి నా భుజాల మీద కప్పాడు. "ఇంక నువ్వే పోప్పా. మాట్లాడేదేమీ లేదు, నడిచొస్తే చాలు."

నడిచాను. కళ్ల దగ్గరి సందులోంచి దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. ఎందుకో మధ్యలో ఆగి కత్తి పైకెత్తాను. హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి వచ్చింది, సారు పేరు మీద. ఆ సంబరంలో ఆయనే "మఖ్మల్ పోతే పోనీలేప్పా, చెవులు ముఖ్యం" అంటూ నా తల కిందికి వంచి, కొబ్బరినూనె సీసా మెడ దగ్గర నుంచి లోపలికి ఒంపేశాడు. మామ మూలుగు నాకు లోపలికి కూడా వినిపించింది.

ఇప్పుడు మెడలో కార్డు లేనిదే ఆ గేటు దాటనివ్వరు. ఫ్లైఓవర్ మీంచి ఆ మేడ కనిపించినప్పుడల్లా, ముఖం కూడా చూపించకుండా లోపలికెళ్లి వచ్చిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. చేయి దానంతటదే చెవి తడుముకుంటుంది. ఎక్కడ చప్పట్లు విన్నా నాకు కాస్త చప్పగానే ఉంటాయి. ఆ రోజువి మామ కొట్టిన ఇనుము మీద వానలా కురిశాయి మరి.